రెండు నిమిషాల వేషాలు

(కడపలో నాటకాభిమానుల ముందు మాట్లాడిన మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న అన్నలకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరికి తీసుకుంటాను. సరే.

"స్టార్లు కాలేకపోయిన మంచి నటుల గురించి మాట్లాడండి సార్" అని నన్ను పిలిచారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఇంటికి పోయి పేర్లు రాద్దామని కాగితం ముందు కూర్చుంటే మాత్రం మనసు చివుక్కుమంది. ఎందుకంటే నాకు ముందు గుర్తొచ్చినవి పేర్లు కావు. తోట రాముడి తల్లి గుర్తొచ్చింది. మాంత్రికుడి శిష్యుడు గుర్తొచ్చాడు. వకుళమాత గుర్తొచ్చింది. ముఖాలు, గొంతులు, నడకలు అన్నీ వరసగా కళ్ళ ముందుకొస్తున్నాయి, పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి వెతుక్కోవాల్సి వస్తోంది. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెబుతూ, సెలవులొస్తే నాటకాలు ఆడుతూ బతికినవాణ్ణి, నాకే అట్లా ఉంటే ఇక్కడ ముందు వరసలో కూర్చున్న కాలేజీ పిల్లల్ని ఏమని అడగను?

అందుకని చాలా సినిమాల జోలికి పోకుండా ఒక్క సినిమాతో మొదలుపెడతాను. పాతాళ భైరవి, 1951. నేను దాన్ని మొదటిసారి చూసింది చిన్నప్పుడు, మా ఊరి టూరింగ్ టాకీసులో, నేల టికెట్టులో, మా నాయన ఒళ్ళో కూర్చుని. అప్పటికే అది పాత సినిమా, రీలు నాలుగైదు సార్లు తెగింది. మా నాయన నూనె మిల్లులో పని చేసేవాడు, సినిమా చూస్తూ ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు మాత్రం మాంత్రికుడి పక్కన సన్నగా, కళ్ళు పెద్దవి చేసుకుని తిరుగుతున్న శిష్యుణ్ణి చూపించి "వాడు మన సింహాద్రిపురమోడురా" అన్నాడు. ఆ మాటలో ఉన్న గర్వం నాకింకా గుర్తుంది. పులివెందుల దగ్గర సింహాద్రిపురంలో పుట్టిన మనిషి, ఎన్టీ రామారావు, ఎస్వీ రంగారావు ఉన్న తెర మీద కనబడుతున్నాడు! ఆయన పద్మనాభం. ఆ సినిమా వచ్చేసరికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. వేషం పేరు సదాజపుడు.

పెద్దయ్యాక తెలిసింది, ఆ సినిమాలో మనవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని. డైరెక్టర్ కె.వి.రెడ్డిది తాడిపత్రి. నిర్మాత నాగిరెడ్డిది మన జిల్లా పొట్టిపాడు. హీరో తోట రాముడి తల్లిగా వేసినావిడ సురభి కమలాబాయి. ఇక్కడ మాత్రం నేను ఆగాలి, ఎందుకంటే ఈమె కథ తెలియకుండా ఈ రోజు మనం మాట్లాడుకునేదేమీ అర్థం కాదు.

సురభి అనేది ఒక ఊరి పేరని మీలో ఎంతమందికి తెలుసు? మన కడప జిల్లాలో ఉంది. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాల వాళ్ళు 1885లో ఆ ఊళ్ళో కీచక వధ నాటకం ఆడారు, బొమ్మల బదులు మనుషులే స్టేజీ ఎక్కి. అక్కణ్ణుంచి ఆ ఊరి పేరే నాటక సమాజం పేరైంది, ఆ కుటుంబాల ఇంటిపేరు లాగా అయిపోయింది. వనారస గోవిందరావు ఆ సమాజాన్ని నిలబెట్టాడు. ఆ కుటుంబాల్లో పుట్టిన బిడ్డ కమలాబాయి. వాళ్ళమ్మ స్టేజీ మీద వేషంలో ఉండగానే నొప్పులొచ్చి ఈమెను కన్నదని సురభి వాళ్ళు చెప్పుకుంటారు. మగవాళ్ళే చీర కట్టుకుని ఆడ వేషాలు వేసే రోజుల్లో సురభిలో ఆడవాళ్ళే ఆడ వేషాలు వేశారు, అది కూడా మర్చిపోకూడదు.

1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. హెచ్.ఎం.రెడ్డి తీశాడు. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కమలాబాయిదే. అంటే తెలుగు తెర మీద మాట్లాడిన మొట్టమొదటి కథానాయిక ఈమె. అదే ఏడాది బొంబాయిలో సాగర్ కంపెనీ తీసిన తెలుగు సినిమాల్లో కూడా ఆడింది, పాడింది. మరి పందొమ్మిదేళ్ళ తర్వాత పాతాళ భైరవిలో ఎక్కడుంది? కొడుకు పెరట్లో కత్తి తిప్పుతుంటే మురిసిపోయే, భయపడే, అన్నం పెట్టే తల్లి వేషంలో ఉంది. ఆ సినిమా ఎన్టీఆర్‌ను ఎక్కడికో తీసుకెళ్ళింది, ఎస్వీ రంగారావును ఎక్కడికో తీసుకెళ్ళింది, కమలాబాయిని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆమె నటనలో లోపముందా? ఈ ప్రశ్న కోసమే నేను పోయిన వారం ఆ సినిమా మళ్ళీ రెండు సార్లు చూశాను. లేదమ్మా, ఎక్కడా లేదు. ఆమె కొడుకు వైపు చూసే చూపులో నాటకం లేదు, మా పక్కింట్లో ఉండే అవ్వ చూపు అది. ఆమెకు లేనిది నిడివి.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఇదే. మనం అదృష్టం అంటాం, రాత అంటాం, ముఖం అంటాం. అవీ ఉంటాయి. కానీ వేషగాడికి అన్నిటికన్నా ముందు కావాల్సింది సమయం. తెర మీద అతనికిచ్చిన సమయం. స్టేజీ మీద రాత్రి తొమ్మిదికి తెర లేస్తే తెల్లవారుజాము దాకా ఆడేవాళ్ళు, చిన్న వేషగాడికి కూడా ఒక అంకం మొత్తం దొరికేది, కోపం తెచ్చుకోవడానికి, కోపం దిగడానికి, దిగాక సిగ్గుపడడానికి అన్నిటికీ టైముండేది. సినిమాలో ఆ టైమంతా హీరోకు పోతుంది. డబ్బు పెట్టినవాడు, సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరు, పోస్టరు వేసినవాడు అందరూ ఆ ఒక్క ముఖాన్ని నమ్ముకునే పెట్టారు కాబట్టి. మిగతావాళ్ళకు రెండు నిమిషాలు. అందులో కూడా వాళ్ళు మాట్లాడుతుంటే కెమెరా హీరో ముఖం మీద ఉంటుంది, ఆయన వింటున్నట్టు. ఎడిటింగ్‌లో ఇంకాస్త పోతుంది. మిగిలిన దాంట్లో తన మనిషిని చూపించుకోవాలి.

బళ్ళారి రాఘవ పేరు విన్నారా? ఊరి పేరు బళ్ళారి గానీ పుట్టింది తాడిపత్రిలో, 1880లో. బళ్ళారిలో పెద్ద లాయరు. పగలు కోర్టు, రాత్రి నాటకం. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, విజయనగర పతనం నాటకంలో పఠాన్ రుస్తుం, ఇవి ఆయన పేరు చెబితే పాతవాళ్ళకు గుర్తొచ్చే వేషాలు. తెలుగులో ఆడాడు, కన్నడంలో ఆడాడు, ఇంగ్లీషులో ఆడాడు. ఆడ వేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కించాడు. నాకు ఆయన మీద ఇంత గౌరవం ఎందుకంటే, ఒక్కో పద్యాన్ని రాగం తీసి తీసి పావుగంట పాడే కాలంలో ఆయన పాట తగ్గించి మాట పలకమన్నాడు. మనిషి మామూలుగా ఎట్లా మాట్లాడతాడో అట్లా మాట్లాడమన్నాడు. అంటే సినిమాకు కావాల్సిన నటన సినిమా మాట్లాడడం నేర్వకముందే చేసి చూపించాడు.

మరి సినిమా ఆయన్ని ఎంత వాడుకుంది? మూడే మూడు సినిమాలు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం అని దుర్యోధనుడిగా వేశాడు. అదే ఏడాది అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం అని ఇంకో సినిమా వచ్చి అది ఆడింది, ఈయనది పోయింది. తర్వాత గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ, 1939, జమీందార్లు గట్టిగా ఎదిరించిన సినిమా. ఆ తర్వాత చండిక. అంతే, 1946లో పోయాడు. మొదటి సినిమా నాటికే యాభై ఆరేళ్ళు. టాకీ ఇరవై ఏళ్ళు ముందొచ్చుంటే ఏమయ్యేదో అని అనుకోకుండా ఉండలేను. ఆయన గొంతు ఎట్లా ఉండేదో మా మేష్టారు చెబితే విన్నాను, ఆయనకు ఇంకెవరో చెబితే విన్నాడు. అట్లా చెప్పుకోవడమే మనకు మిగిలింది.

ప్రొద్దుటూరు వాళ్ళెవరైనా ఉన్నారా? ఉన్నారు, చేతులు లేస్తున్నాయి. మీ ఊరి ఆడబిడ్డ శాంతకుమారి. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. సంగీతం నేర్చుకుని కచేరీలు చేసిన పిల్ల. ఈమె గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. 1939లో ఈమె భర్త పి.పుల్లయ్య వేంకటేశ్వరస్వామి కథ సినిమాగా తీశాడు, అందులో పద్మావతి ఈమె. 1960లో అదే కథ ఆయనే మళ్ళీ తీశాడు. అందులో పద్మావతి సావిత్రి, శాంతకుమారి వకుళమాత. పెళ్ళికూతురుగా వేసిన కథలోనే పెళ్ళికొడుకు తల్లిగా వేసింది. ఈమెకు పేరు రాలేదని నేను అనను, వచ్చింది, రఘుపతి వెంకయ్య అవార్డు కూడా ఇచ్చారు. అయినా ఈ రోజు ఆ సినిమా టీవీలో వస్తే, ఆ తల్లి గొంతు విని కళ్ళు తుడుచుకునే వాళ్ళలో ఎంతమంది ఆమెది ప్రొద్దుటూరు అని చెప్పగలరు?

మళ్ళీ పద్మనాభం దగ్గరికొస్తాను. ఈయన తనకు దొరకని సమయాన్ని సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. హాస్యగాడంటే హీరో పక్కన నడవాలి, హీరో పాటకు ముందు పక్కకు తప్పుకోవాలి, అదీ రూలు. ఈయన సొంతంగా సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. 1965లో దేవత తీశాడు, ఎన్టీఆర్, సావిత్రితో. ఆ తర్వాత పొట్టి ప్లీడరులో, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్నలో తనే కథానాయకుడు. మర్యాద రామన్న కోసమే ఒక కొత్త కుర్రాడి చేత పాట పాడించారు, 1966 డిసెంబరులో. ఆ కుర్రాడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. తర్వాత కథానాయిక మొల్ల. చూడండి, మనిషి తన వేషాన్ని రెండు నిమిషాల నుంచి రెండున్నర గంటలకు పెంచుకోవడానికి ఇల్లు, ఒళ్ళు రెండూ పణం పెట్టాడు. ఆ సినిమాల్లో ఆయన్ని చూస్తే, నవ్వించడం మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి బిక్కముఖం వేసే చోట్లు ఉంటాయి, అక్కడ నాకు గుండె పట్టేసినట్టవుతుంది. అట్లాంటి క్షణాలు వేరేవాళ్ళ సినిమాల్లో ఆయనకు దొరకవు, అంతలోపే సీను అయిపోతుంది. చివరికి నిర్మాతగా దెబ్బతిన్నాడు. సంపాదించింది నిలవలేదు. 2010 ఫిబ్రవరిలో చెన్నైలో పోయాడు. ఆ రోజు పేపరు పట్టుకుని నేను మా నాయన ఫొటో ముందు కాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన మనిషి. జయప్రకాశ్ రెడ్డి.

(చప్పట్లు)

చూశారా, ఈ పేరుకు చప్పట్లు వచ్చాయి. కర్నూలు జిల్లా సిరివెళ్ళ ఆయనది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. లెక్కల మేష్టారు. నాటకాలాడేవాడు. దాసరి నారాయణరావు ఆయన నాటకం చూసి రామానాయుడికి చెబితే 1988లో బ్రహ్మపుత్రుడులో వేషం వచ్చింది. వచ్చింది గానీ నిలబడలేదు, మళ్ళీ బడికి పోయి లెక్కలు చెప్పుకున్నాడు. నలభై దాటిన మనిషి, ఒకసారి తెర మీదికి పోయి, వెనక్కొచ్చి పిల్లలకు లెక్కలు చెప్పడం ఎంత కష్టమో నేను మేష్టారుగా చెప్పగలను. స్టాఫ్ రూములో రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, "సినిమాలేమయినాయి సార్" అని.

1997లో ప్రేమించుకుందాం రా వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు నిండాయి. అందులో ఫ్యాక్షన్ నాయకుడు. ఆ సినిమాకు నేను కర్నూల్లో పోయాను. ఆయన నోరు తెరిచిన మొదటి మాటకే హాలంతా ఒక్కసారి గొల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో! ఎందుకంటే అంతవరకు సినిమాలో సీమ మనిషి మాట్లాడితే కోస్తా మాటకు చివర ఒక దీర్ఘం అతికించినట్టుండేది. ఈయన మాట మన మాట. మా మేనమామ పంచాయతీలో మాట్లాడినట్టు, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి, ఎక్కడ తుంచాలో అక్కడ తుంచి, అరవాల్సిన చోట గొంతు తగ్గించి. తర్వాత సమరసింహారెడ్డి, జయం మనదేరా. జయం మనదేరాకు నంది అవార్డు.

కానీ నాకు బాధ కలిగించేది ఇక్కడే మొదలైంది. మన యాస ఆయనకు తలుపు తెరిచింది, అదే తలుపు ఆయన వెనక మూసుకుంది. ఆ తర్వాత సుమోలు, కత్తులు, తొడ కొట్టడం. ఆ తర్వాత అదే విలన్‌ను పెట్టి కామెడీ. మన మాటను తెర మీదికి తెచ్చిన మనిషికి ఆ మాటతో ఏడ్చే వేషం ఒక్కటి, ఆ మాటతో కూతురికి జడ వేసే వేషం ఒక్కటి రాసిచ్చినవాడు లేడు. సీమలో ఏడవరా? సీమలో కూతుళ్ళు లేరా? కరువుకు బెంగుళూరు పోయిన కొడుకు కోసం బస్టాండులో కూర్చునే తండ్రి కదిరిలో లేడా, పత్తికొండలో లేడా?

అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? స్టేజీకి పోయాడు. అలెగ్జాండర్ అని ఒక నాటకం. ఒక రిటైర్డ్ మేజరు, స్టేజీ మీద ఆయన ఒక్కడే, దాదాపు వంద నిమిషాలు. సినిమాల్లో అంత బిజీగా ఉన్న మనిషి, వయసు మీద పడ్డ మనిషి, ఊరూరా తిరిగి ఒక్కడే వంద నిమిషాలు ఆడాడు. నేను ఆ నాటకం చూశాను. మొదటి పది నిమిషాలు జనం సినిమా జయప్రకాశ్ రెడ్డి కోసం ఎదురుచూశారు, ఏదో డైలాగ్ కొడతాడని. ఇరవయ్యో నిమిషానికి హాలు నిశ్శబ్దమైపోయింది. ఆయన ముసలివాడిగా కుర్చీలోంచి లేవడానికి పట్టిన టైము చూసి నేను అనుకున్నాను, సినిమా ఈ లేవడాన్ని ఎప్పటికీ చూపించదు, కత్తిరించేస్తుంది అని. ఆ లేవడంలోనే ఆ మనిషి జీవితమంతా ఉంది. 2020 సెప్టెంబరులో గుంటూరులో పోయాడు, కరోనా రోజులు, చివరి చూపుకు కూడా పోలేకపోయాం.

యాస గురించి మాట్లాడాను కాబట్టి ఒకటి చెప్పాలి. 2003లో ఒక్కడు సినిమా వచ్చింది, కర్నూల్లో మన కొండారెడ్డి బురుజు దగ్గర తీసిన ఫైటు ఇప్పటికీ పిల్లలు చెప్పుకుంటారు. అందులో విలన్ ఓబుల్ రెడ్డి తల్లిగా వేసింది తెలంగాణ శకుంతల. మహారాష్ట్రలో పుట్టి, నాటకాల నుంచి వచ్చి, మా భూమి అనే సినిమాతో తెర మీద అడుగుపెట్టి, పేరు ముందు తెలంగాణ పెట్టుకున్న మనిషి, సీమ తల్లిగా గర్జిస్తే మనం ఔనని ఒప్పుకున్నాం. యాస నటుడికి రక్తంలో ఉండక్కర్లేదు, చెవిలో ఉంటే చాలు. మరి సీమలో పుట్టినవాడు మాత్రం సీమ విలన్ వేషమే వేయాలని ఎవరు రాశారు?

మా నాటక సమాజంలో ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, ఆయన పిల్లలు ఇక్కడే ఉన్నారు. హరిశ్చంద్రుడి కాటి సీను వేస్తే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. ఆయన్ని ఒక సినిమా కంపెనీ వాళ్ళు పిలిచారు. మేమంతా బస్టాండుకు పోయి సాగనంపాం. అక్కడ పొద్దున ఆరుకు మేకప్ వేసి సాయంత్రం నాలుగు దాకా ఎండలో కూర్చోబెట్టి, ఒక జీపు వెనక నిలబెట్టి, చేతికి వేటకొడవలిచ్చి "రేయ్" అని అరవమన్నారు. అరిచాడు. నాలుగు టేకులు. సినిమా వచ్చాక పోయి చూస్తే ఆయన వీపు కనబడింది, ఆ "రేయ్" కూడా వేరేవాళ్ళ గొంతు. డబ్బింగుకు పిలవలేదు. ఆయన ఏమీ అనలేదు, తిరిగొచ్చి ఆ శివరాత్రికి మళ్ళీ హరిశ్చంద్రుడు వేశాడు. ఆ రాత్రి కాటి సీను ఇరవై నిమిషాలు ఎక్కువ ఆడాడు, హార్మోనియం ఆయన కూడా ఆపకుండా వాయించాడు, మేం ఎవరం తెర దించలేదు.

వేరే జిల్లాల వాళ్ళ గురించి రెండు మాటలు చెప్పకపోతే తప్పవుతుంది. పి.ఎల్.నారాయణ. నేటి భారతం, రేపటి పౌరులు, మయూరి చూసినవాళ్ళకు ఆ ముఖం తెలుసు. కాళీపట్నం రామారావు కథ యజ్ఞం సినిమాగా తీసినప్పుడు ఈయనకు నిలబడి ఊపిరి పీల్చుకునే వేషం దొరికింది, 1991 సంవత్సరానికి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. టైమిస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. జె.వి.రమణమూర్తి కన్యాశుల్కంలో గిరీశంగా వెయ్యి సార్లకు పైగా స్టేజీ ఎక్కాడు, సినిమాల్లో ఆయన్ని ఎవరో గౌరవనీయులైన పెద్దమనిషిగా మాత్రమే చూశాం. ఇంక నూతన్ ప్రసాద్, ముత్యాల ముగ్గులో నిత్య పెళ్ళికొడుకు. 1989లో షూటింగులో ప్రమాదం జరిగి కాళ్ళు పడిపోయాయి. కదలడమే నటన అనుకునే రంగంలో చక్రాల కుర్చీలో కూర్చుని గొంతుతో, కనుబొమ్మలతో ఇంకా ఇరవై ఏళ్ళు పని చేశాడు. ఆయన గురించి వేరే రోజు మాట్లాడతాను, ఒక గంట ఆయనకే కావాలి.

ఏమ్మా, ఏదో అడగాలంటున్నావు, మైకివ్వండి ఆ అమ్మాయికి.

(ప్రశ్న: వీళ్ళకు టైమిచ్చుంటే అందరూ స్టార్లు అయ్యేవాళ్ళంటారా సార్?)

మంచి ప్రశ్న. అందరూ అయ్యేవాళ్ళు కారు తల్లీ. పాతాళ భైరవిలోనే చూడు. ఎస్వీ రంగారావు హీరో కాడు, అందగాడి వేషం కాదు, గడ్డం పెట్టుకున్న మాంత్రికుడు. కానీ ఆ మాంత్రికుడికి కథలో మొదటి నుంచి చివరిదాకా పనుంది. దాంతో ఆయన చేయగలిగిందంతా జనం చూశారు. ఇచ్చాక కూడా నిలబెట్టుకోలేని వాళ్ళుంటారు, నేనొప్పుకుంటాను. ఇవ్వకుండానే నిలబడదని తేల్చేసిన వాళ్ళ గురించే నా బాధంతా. ఇప్పుడు మీ ఫోన్లలో పది గంటల సిరీస్‌లు వస్తున్నాయి, వాటిల్లో పక్క వేషాలకు కూడా కాస్త చోటు దొరుకుతోంది, నేను చూస్తున్నాను, బాగుంది. నువ్వు నటిస్తావా? నటిస్తావు. అయితే పోయే ముందు నాతో మాట్లాడు, మా సమాజంలో ఆడపిల్లలు లేక రెండు నాటకాలు ఆగిపోయాయి.

ఎనిమిదిన్నర అవుతోంది, మైదుకూరు, ప్రొద్దుటూరు పోవాల్సిన వాళ్ళకు బస్సులున్నాయి, ఆలస్యం చేయను. ప్రొజెక్టరు తెచ్చారు కాబట్టి ఒక్క సీను చూసి లేద్దాం. తోట రాముడు, వాళ్ళమ్మ, ఇద్దరే ఉంటారు. నాయనా, లైట్లు ఆపండి. రామారావును ఎట్లాగూ చూస్తాం, ఈ ఒక్కసారి ఆయన మాట్లాడేటప్పుడు ఆయన్ని చూడకండి, పక్కన వింటూ నిలబడ్డ ఆవిడ ముఖం చూడండి.